కండిషనల్ అడ్మిషన్ వచ్చింది, ముందు ఒక సెమిస్టర్ ఇంగ్లిష్ చదవమంటున్నారు. వెళ్లాలా, ఆగాలా?

సత్తుపల్లి_మెకానికల్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా సత్తుపల్లి దగ్గర పల్లెటూరు. టెన్త్ వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. తర్వాత పాలిటెక్నిక్, ఈసెట్ రాసి బీటెక్ మెకానికల్. బీటెక్ పేరుకు ఇంగ్లిష్ మీడియమే. సార్లు పాఠం తెలుగులో చెప్పేవారు, మేం పరీక్ష ఇంగ్లిష్‌లో రాసేవాళ్లం.

అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీకి ఎమ్మెస్‌కి అప్లై చేశాను. వాళ్లు ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 6.5 ఉండాలి, ఏ భాగంలోనూ 6 తగ్గకూడదు అంటారు. నాకు లిజనింగ్ 6.5, రీడింగ్ 6.5, స్పీకింగ్ 6.0, రైటింగ్ 5.5. మొత్తం 6.0. అందుకని కండిషనల్ అడ్మిషన్ ఇచ్చారు. ఆగస్టులో వెళ్లి వాళ్ల ఇంటెన్సివ్ ఇంగ్లిష్ ప్రోగ్రాంలో ఒక సెమిస్టర్ చదవాలి, అది దాటితే జనవరిలో ఎమ్మెస్ మొదలు.

కన్సల్టెన్సీ వాళ్లేమో "ముందు అమెరికాలో అడుగు పెట్టు, మిగతాది అక్కడ చూసుకోవచ్చు" అంటున్నారు. మా బాబాయ్ "ఇంగ్లిష్ నేర్చుకోవడానికి అంత దూరం పోవాలా, ఇక్కడ చెప్పేవాళ్లు లేరా" అని అందరి ముందూ అన్నాడు. నాన్న ఏమీ అనలేదు గానీ, లోను కోసం పొలం కాగితాలు బ్యాంకులో పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ కాగితాలు చూస్తే నాకు టెన్షన్ పెరుగుతోంది. క్లాసులో అందరికంటే వెనకబడ్డవాడిలా అక్కడ కూర్చోవాలా అని సిగ్గుగా కూడా ఉంది. ఇలాంటి ప్రోగ్రాం చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

లెక్కలు_చెప్తా:

తమ్ముడూ, కంగారుపడే ముందు నీ స్కోరు ఒకసారి కూడి చూడు. 6.5, 6.5, 6.0, 5.5 కలిపితే 24.5. నాలుగుతో భాగిస్తే 6.125, అది 6.0కి దిగింది. రైటింగ్ ఒక్కటి 5.5 నుంచి 6.0కి వచ్చిందనుకో, మొత్తం 25 అవుతుంది, సగటు 6.25. ఐఈఎల్‌టీఎస్‌లో .25 వస్తే పై అర బ్యాండుకి వేస్తారు. అంటే 6.5. నీకు తక్కువైంది అర బ్యాండు, అదీ ఒక్క రైటింగ్‌లో.

పరీక్ష కంప్యూటర్ మీద రాసి ఉంటే మొత్తం మళ్లీ రాయక్కర్లేదు. వన్ స్కిల్ రీటేక్ అని ఉంది, 2023 నుంచి మన దేశంలోనూ ఇస్తున్నారు. అసలు పరీక్ష రాసిన 60 రోజుల్లోపు ఒక్క భాగం మళ్లీ రాయొచ్చు. అయితే ఆ స్కోరు అన్ని యూనివర్సిటీలూ తీసుకోవు, నువ్వు వెళ్లేది తీసుకుంటుందో లేదో డబ్బు కట్టే ముందే అడుగు.

పంటకాలువ:

తమ్ముడూ, మాది తాడేపల్లిగూడెం వైపు పల్లె. నేనూ టెన్త్ దాకా తెలుగు మీడియమే. నీ పోస్టు రెండుసార్లు చదివాను.

ముందు యూనివర్సిటీకి మెయిల్ పెట్టి ఒక్క మాట అడుగు: "నాకు ఇచ్చే ఐ-20 ఎమ్మెస్‌కా, భాషా శిక్షణకా?" ఐ-20 అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం. మొత్తం వ్యవహారం ఈ ఒక్క కాగితం మీదే ఉంది, కన్సల్టెన్సీలో ఎవరూ దీని గురించి ఎత్తరు. ఇంగ్లిష్ స్కోరు చాలక కండిషనల్‌గా తీసుకున్నవాళ్లకు డిగ్రీ పేరున ఐ-20 ఇవ్వకూడదని 2016లో నిబంధన వచ్చింది. కాబట్టి నీకు వచ్చేది ఇంగ్లిష్ ప్రోగ్రాం ఐ-20యే అయి ఉంటుంది. అది పూర్తిచేశాక ఎమ్మెస్‌కి వేరే ఐ-20 ఇస్తారు. అప్పటిదాకా నువ్వు కాగితాల మీద ఎమ్మెస్ విద్యార్థివి కాదు. వారానికి కనీసం 18 గంటలు క్లాసులో కూర్చోవాలి. ఆ చదువు మీద సీపీటీ గానీ ఓపీటీ గానీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, రాదు. ఫీజు వేరే కట్టాలి, అక్కడ చదివిన క్లాసులు ఎమ్మెస్‌ క్రెడిట్లలో కలవవు. చివర వాళ్లు పెట్టిన లెవెల్ దాటకపోతే ఇంకో సెమిస్టర్ అదే చదవాలి. అందుకని నాన్నగారితో కూర్చుని లోను లెక్క వేసేటప్పుడు ఇంగ్లిష్‌కి ఒక సెమిస్టర్ కాదు, రెండు వేసుకుని చూడు. అప్పుడు కూడా సరేననిపిస్తే సరే.

ఇక రెండో రకం. నేను చదివింది అది. ఇందులో అడ్మిషన్ పూర్తిగా ఇస్తారు, ఐ-20 డిగ్రీకే ఉంటుంది. అక్కడికి వెళ్లాక ఒక ఇంగ్లిష్ పరీక్ష పెట్టి, అవసరమైతే ఒకటి రెండు ఇంగ్లిష్ కోర్సులు మన కోర్సులతో పాటే చదవమంటారు. అర్బానా-షాంపేన్‌లోని ఇలినాయ్ యూనివర్సిటీలో దాన్ని ఈపీటీ అంటారు. టీచింగ్ అసిస్టెంట్ పని కావాలంటే మాట్లాడే పరీక్ష ఇంకొకటి ఉంటుంది. పర్డ్యూలో అది ఓఈపీటీ, యూసీఎల్‌ఏలో టాప్. పేర్లు వేరైనా పని ఒకటే: నువ్వు చెబితే అక్కడి డిగ్రీ పిల్లలకు అర్థమవుతుందా లేదా అని చూడటం.

నేను ఆ మాట్లాడే పరీక్ష తప్పాను. 2012 ఆగస్టు. సాయిల్ ల్యాబ్ చెప్పే పని నాకని డిపార్ట్‌మెంట్ అప్పటికే రాసిచ్చింది. పరీక్ష తప్పేసరికి ల్యాబ్ ఇంకొకరికి వెళ్లింది, నాకు పేపర్లు దిద్దే పని ఇచ్చారు. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. బీటెక్‌లో యూనివర్సిటీ సెకండ్ వచ్చినదాన్ని, "మాట్లాడటం రాదు" అన్నారని ఎలా చెప్పను? కాబట్టి నీ సిగ్గు నాకు తెలుసు.

ఆ కోర్సుకు వారానికి రెండు రోజులు వెళ్లేదాన్ని. మేం ఎనిమిది మందిమి, చైనా, ఇరాన్, కొరియా, ఇద్దరం మనవాళ్లం. టీచర్ అరవై దాటిన ఆవిడ. మొదటి వారమే నా చేత నా సబ్జెక్టు గురించి మూడు నిమిషాలు మాట్లాడించి, రికార్డు చేసి, హెడ్‌ఫోన్స్ పెట్టి నాకే వినిపించింది. ఫీల్డు, సాయిలు, శాంపిలు, డెప్తు. ప్రతి మాట చివరా ఒక ఉకారం. పైగా అన్ని అక్షరాలూ ఒకే బరువుతో, గుక్క తిప్పుకోకుండా. మన తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కదా, ఆ అలవాటు ఇంగ్లిష్‌లోకి అలాగే వచ్చేసింది. వినేవాళ్లకు ఒక మాట ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు. గ్రామర్ తప్పులు రెండే ఉన్నాయి. ఇన్నేళ్లూ నేను గ్రామర్ గురించే భయపడ్డాను.

ఆవిడ ఒక లావుపాటి రబ్బరు బ్యాండు ఇచ్చింది. రెండు బొటనవేళ్లకు తగిలించుకుని, మాటలో బరువు పడే చోట మాత్రమే లాగాలి. "ఇంజనీరింగ్"లో "నీ" దగ్గర లాగాలి. "డెవలప్‌మెంట్"లో "డె" దగ్గర కాదు, "వె" దగ్గర. నేను అప్పటిదాకా "డె" దగ్గరే నొక్కేదాన్ని. గదిలో అద్దం ముందు ఆ బ్యాండు తెగేదాకా చేశాను.

చివరి ఉకారం మాత్రం లొంగలేదు. ఆవిడ "చివరి హల్లును పక్కమాట అచ్చుకు అతికించు" అంది. ఫీల్డ్, ఈజ్ అని విడివిడిగా కాకుండా, "ఫీల్డీజ్" అని. అది వినగానే నాకు మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. ఉత్తునకు అచ్చు పరమైనప్పుడు సంధి అవుతుంది! రాముడు, అతడు కలిస్తే రాముడతడు అయినట్టే ఫీల్డు, ఈజ్ కలిస్తే ఫీల్డీజ్. తొమ్మిదో తరగతిలో బట్టీపట్టిన ఉత్వసంధి అమెరికాలో పనికొచ్చింది. ఆవిడకు బోర్డు మీద రాసి చూపిస్తే నోటుబుక్కులో ఎక్కించుకుంది, తర్వాత వచ్చిన తెలుగు పిల్లలకు ఆ సంధి పేరు చెప్పే నేర్పేదట. తెలుగు మీడియం చదివినందుకు నువ్వు తగ్గాల్సింది ఏమీ లేదు తమ్ముడూ, నీ దగ్గర ఒక వ్యాకరణం ముందే ఉంది. డిసెంబర్లో మళ్లీ పరీక్ష రాశాను, పాసయ్యాను. జనవరిలో ల్యాబ్ నాదే.

రాయడం గురించీ ఒక మాట. మన కాలేజీల్లో పుస్తకంలో ఉన్న వాక్యం ఉన్నట్టు రాస్తే ఫుల్ మార్కులు. అక్కడ అదే పని చేస్తే కాపీ అంటారు, చర్య తీసుకుంటారు. మాతో వచ్చిన ఒకబ్బాయి మొదటి రిపోర్టులోనే ఇరుక్కున్నాడు, మోసం చేద్దామని కాదు, ఎవరూ చెప్పక. మా రైటింగ్ కోర్సులో ఒక పేరా చదివించి, కాగితం బోర్లా పెట్టించి, గుర్తున్నది సొంత మాటల్లో రాయించి, మళ్లీ తిప్పి పోల్చి చూడమనేవారు. ఇరవై సార్లు చేశాక అలవాటైంది. నువ్వు రైటింగ్ రీటేక్‌కి చదివేటప్పుడు ఈ పద్ధతి ఇవాళే మొదలుపెట్టు.

నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నా. నీకు 5.0 వచ్చి ఉంటే ఇంటెన్సివ్ ప్రోగ్రాంకి వెళ్లు అనేదాన్ని, అక్కడ నిజంగా నేర్పుతారు. అర బ్యాండు కోసం పొలం కాగితాల మీద ఒక సెమిస్టర్ ఫీజు పెంచొద్దు. రైటింగ్ మళ్లీ రాయి. ఆగస్టుకి అందకపోతే సీటు జనవరికి వాయిదా (డిఫర్) వేయమని అడుగు. కానీ ఎమ్మెస్‌లో చేరాక ఆ చిన్న ఇంగ్లిష్ కోర్సులు మాత్రం వాళ్లు అక్కర్లేదన్నా అడిగి చేరు.

తార్నాక_టీచర్:

ఆ బాబాయి అడిగిన ప్రశ్నలో తప్పు లేదు బాబూ, "అందరి ముందూ" అన్నదే బాగోలేదు. ఇంగ్లిష్ ఎలా నేర్పాలో చూడటానికే 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. మా తరం దాన్ని సీఫెల్ అనేది, 2007 నుంచి ఇఫ్లూ అయింది. విదేశీయులకు మన ప్రభుత్వం శిక్షణ ఇచ్చే ఐటెక్ పథకం కింద వేరే దేశాలవాళ్లు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి మా తార్నాక పక్కకే వస్తారు. నేను ఆ దారిలో నడకకు వెళ్తుంటే టీ కొట్టు దగ్గర తడబడుతూ, అయినా ఆపకుండా ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుంటూ కనిపిస్తారు. వాళ్లకు వేరే దారి లేదు, ఒకరి భాష ఇంకొకరికి రాదు కదా.

తేడా అక్కడే ఉంది. మనం ఎంత మంచి క్లాసులో కూర్చున్నా బయటికి రాగానే తెలుగులోకి వచ్చేస్తాం. అది తప్పు కాదు, కానీ మాట్లాడే అభ్యాసం కావాలంటే రోజుకో గంటైనా తెలుగు రానివాళ్ల మధ్య ఉండాలి. రైటింగ్ మాత్రం సత్తుపల్లిలో కూర్చుని కూడా బాగుచేసుకోవచ్చు. రోజుకొక వ్యాసం రాసి, ఎర్రపెన్నుతో దిద్దేవాళ్లు ఒక్కరు ఉంటే చాలు. కావాలంటే రాసినవి ఫొటో తీసి ఈ థ్రెడ్‌లోనే పెట్టు, నేను దిద్దుతాను. రిటైరయ్యాను, తీరిక ఉంది.

సత్తుపల్లి_మెకానికల్:

అందరికీ పేరుపేరునా థాంక్స్. పంటకాలువ అక్కా, మెయిల్ పెట్టాను, జవాబు వచ్చింది. మీరన్నట్టే అది ఇంగ్లిష్ ప్రోగ్రాం ఐ-20యే. వన్ స్కిల్ రీటేక్ స్కోరు తీసుకుంటామన్నారు, జూలై మొదటి వారంలోపు అందితే ఆగస్టుకే ఎమ్మెస్ ఐ-20 ఇస్తామన్నారు. నేను కంప్యూటర్ మీదే రాశాను, 60 రోజుల్లో ఇంకా 31 ఉన్నాయి. ఇవాళ స్లాట్ బుక్ చేశాను, హైదరాబాద్‌లో, వచ్చే నెల 14న. పొలం కాగితాలు నాన్న మళ్లీ బీరువాలో పెట్టాడు, ఫలితం వచ్చాక చూద్దామన్నాడు.

తార్నాక సార్, మొదటి వ్యాసం కింద పెడుతున్నాను. 40 నిమిషాల్లో 231 మాటలే రాయగలిగాను, 250 కావాలి. రెండో పేరాలో ప్రశ్నలో ఉన్న వాక్యమే మళ్లీ రాసేశానని తర్వాత చూసుకున్నాను. కొట్టేయకుండా అలాగే ఉంచాను, దిద్దండి.

తార్నాక_టీచర్:

చూశాను. ఆ వాక్యం కింద గీత గీశాను. కాగితం బోర్లా పెట్టి ఆ ఒక్క పేరా మళ్లీ రాసి, రాత్రి తొమ్మిదిలోపు పెట్టు.