ఆరు నెలల వెబ్ కాంట్రాక్టుకు ఎంత అడగడం న్యాయం?

ప్రశ్న (మిర్యాలగూడ నుండి):
అందరికీ నమస్కారం. నల్లగొండలోని ఒక చిన్న సంస్థలో నాలుగేళ్లుగా పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో, దాని మీద నడిచే లారవెల్ అనే ఫ్రేమ్‌వర్కుతో వెబ్‌సైట్లు తయారు చేస్తున్నాను. జీతం నెలకు 32,000 రూపాయలు. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ ఇంటి నుండే పూర్తికాలం పని చేసేలా ఆరు నెలల కాంట్రాక్టుకు నెలకు 40,000 ఇస్తామని, అందులో పది శాతం టీడీఎస్ (ముందుగానే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటామని చెప్పింది. జీతం కన్నా ఎక్కువే కదా అని ఇంట్లో అంటున్నారు గానీ నాకు ధైర్యం చాలడం లేదు. ఎంత అడగమంటారు? వెబ్ పేజీల తెరలు తయారు చేసే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ సాధనం రాకపోతే ఇక పనులు దొరకవన్న మాట నిజమేనా?

జవాబు 1 (దేవరకొండ):
తమ్ముడూ, ఆ 40,000ను జీతంతో పోల్చవద్దు. నీ జీతం ఏడాదికి 3,84,000. దానికి యజమాని కట్టే పీఎఫ్, ఆరోగ్య బీమా, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఇన్వర్టర్ ఖర్చు కలిపితే అయిదు లక్షల దగ్గరకు వస్తుంది. సొంతంగా పని చేసేవారికి పండుగలు, జ్వరాలు, పని లేని వారాలు పోగా 44 వారాలు మిగులుతాయి, వారానికి బిల్లు వేయగలిగేది 25 గంటలకు మించదు. అయిదు లక్షలను ఆ 1,100 గంటలతో భాగిస్తే గంటకు సుమారు 455 రూపాయలు. వాళ్లు ఇస్తామన్నది నెలకు 176 గంటల లెక్కన గంటకు 227 మాత్రమే.

జవాబు 2 (వనపర్తి):
అన్నగారి లెక్క చిన్న చిన్న పనులు చేసుకునేవారికి సరిపోతుంది. పూర్తికాలపు కాంట్రాక్టులో దాదాపు ప్రతి గంటకూ బిల్లు పడుతుంది కాబట్టి 455 అడిగితే బేరం అక్కడే ఆగిపోవచ్చు. ఇక్కడ అసలు భయం ఆరు నెలల తరువాత వచ్చే ఖాళీ. రెండు నెలలు పని దొరకదనుకుంటే, ఎనిమిది నెలల ఖర్చు ఆరు నెలల్లో రావాలి. ఏడాదికి అదే అయిదు లక్షల ఖర్చు మీద లెక్కిస్తే నెలకు సుమారు 55,500 అవుతుంది. మిర్యాలగూడలో ఇంటి అద్దె తక్కువే కదా అని వాళ్లు తగ్గించమంటారు, దానికి ఒప్పుకోవద్దు. వాళ్ల సర్వరులో నడిచే కోడుకు మన ఊరి అద్దెతో సంబంధం లేదు.

జవాబు 3 (మహబూబ్‌నగర్):
టీడీఎస్ గురించి బెంగ వద్దు, రిటర్ను దాఖలు చేస్తే కట్టవలసిన పన్నుకు పోను మిగిలింది తిరిగి వస్తుంది. నన్ను ఏడిపించింది ఆలస్యం. ఒక సంస్థ నా మూడు నెలల బిల్లును ఏడాది దాకా నానబెట్టింది, ఆ ఏడాది చిట్టీ కిస్తీలకు అప్పు చేయవలసి వచ్చింది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోండి, దానికి రుసుము లేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం అలా నమోదైన చిన్న సంస్థలకు ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు, దాటితే చక్రవడ్డీ కట్టాలి.

ఇక రియాక్ట్ సంగతి. ఉద్యోగ ప్రకటనల్లో అదే ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం, కానీ ఏళ్ల క్రితం పీహెచ్‌పీలో రాసిన బిల్లింగు, స్టాకు వ్యవస్థలు నేటికీ నడుస్తూనే ఉన్నాయి, వాటిని చెడగొట్టకుండా మార్చగలిగేవారు దొరకడం కష్టంగా ఉంది. ముందు జావాస్క్రిప్ట్ గట్టిగా నేర్చుకోండి, ఆ తరువాత రియాక్ట్ త్వరగానే వస్తుంది. కస్టమరు ఖాతాలో డబ్బు కట్ అయినా ఆర్డరు నమోదు కాని సందర్భాన్ని మీ కోడు ఎలా సరిదిద్దుతుందో ఇంటర్వ్యూలో చూపించగలిగితే, రేటు గురించి మాట్లాడేటప్పుడు మీ మాటకు బలం ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. 55,500 అడుగుతాను, 50,000 కన్నా తక్కువ ఇస్తామంటే ఉద్యోగం వదలను. ఉద్యం రిజిస్ట్రేషన్ ఈ వారంలోనే చేయించి, బిల్లు ఇచ్చిన 30 రోజుల్లో చెల్లించాలన్న షరతును ఒప్పందంలో రాయమని కోరుతాను.