వేల్స్ పల్లెల మాదిరిగా మన ఊరి చరిత్ర రాయవచ్చా?

ప్రశ్న (హనుమకొండ నుంచి): వేల్స్‌లోని చిన్న పారిష్‌ల (ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్ల) చరిత్రను అక్కడివారు పొలం పొలం వివరాలతో రాసుకుంటున్నారు. వారికి అంత సమాచారం ఎక్కడ దొరుకుతుంది? ములుగు వైపున్న మా ఊరికి అటువంటి ఆధారాలు ఉంటాయా?

జవాబు 1: వారికి పెద్ద ఆధారం టైథ్ పటాలండి. పంటలో పదోవంతుగా చర్చికి చెల్లించే టైథ్ అనే పన్నును నగదులోకి మార్చాలని 1836లో చట్టం వచ్చినప్పుడు, పారిష్‌లోని పొలాలను కొలిచి, నంబర్లు వేసి, యజమాని, కౌలుదారు, సాగు వివరాలను, చాలాచోట్ల పొలం పేరును కూడా పట్టికకు ఎక్కించారు. ఆబెరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయం వీటిని ఆన్‌లైన్‌లో ఉంచింది. నా దృష్టిలో ఆ వెల్ష్ పొలాల పేర్లే అసలు నిధి.

జవాబు 2: పారిష్ రిజిస్టరులో, అంటే ఆంగ్లికన్ చర్చి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసుకున్న పుస్తకంలో, పేరు లేనంత మాత్రాన ఆ కుటుంబం ఊళ్లో లేదనుకోకూడదు. పందొమ్మిదో శతాబ్దంలో వేల్స్ పల్లెజనంలో ఎక్కువమంది ఆంగ్లికన్ చర్చికి కాక మెథడిస్టు, బాప్టిస్టు వంటి వేరే క్రైస్తవ శాఖల చాపెళ్లకు (ప్రార్థనా మందిరాలకు) వెళ్లేవారు కనుక, వాటి పుస్తకాలు కూడా చూడవలసిందే.

జవాబు 3: మీ ఊరికి సేత్వార్ (తొలి భూసర్వే పట్టిక), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (పొలాల, సాగుదారుల పట్టిక) అడగండి; సర్వే నంబరు వారీగా పట్టాదారుల పేర్లు ఉంటాయి. అంతకు వెనక్కి వెళ్లాలంటే శాసనాలే దిక్కు: రామప్ప గుడి ఉన్న పాలంపేటలో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుని 1213 నాటి శాసనం ఉన్నది. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి, చదవగలిగిన పెద్దమనిషిని వెంట తీసుకువెళ్లండి.