బీఎస్6 డీజిల్ బండి బయట షెడ్డులో బాగవుతుందా, షోరూముకే పోవాలా?

చందానగర్_డీజిల్ (ప్రశ్న)

2021 మోడల్, 1.5 డీజిల్, మాన్యువల్ గేరు, 68,000 తిరిగింది. వారంటీ అయిపోయింది. ఆఫీసుకు పోనూ రానూ 14 కిలోమీటర్లు, మొత్తం ట్రాఫిక్కే. మొదట డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వచ్చింది, తర్వాత చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగింది. పికప్ లేదు, 3,000 ఆర్పీఎం దాటనివ్వట్లేదు. స్కానర్ పెడితే పీ2463 అని చూపించింది.

షోరూములో డీపీఎఫ్ మొత్తం మార్చాలన్నారు, ఎస్టిమేట్ లక్ష దాటింది. బయట మెకానిక్కేమో "ఇప్పటి బండ్లు మా చేతిలో లేవు సార్, కావాలంటే డీపీఎఫ్ కోసేసి సాఫ్ట్‌వేర్ మార్పిద్దాం" అంటున్నాడు. కొత్త బండ్లు నిజంగానే బయట షెడ్లకు అందకుండా పోయాయా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పంపురూం_గాజువాక

ముందు ఆ కోడ్ సంగతి. పీ2463 అంటే డీపీఎఫ్ పోయిందని కాదు. లోపల మసి పరిమితి దాటిందని ఈసీఎం (ఇంజను కంప్యూటరు) లెక్కగట్టిందని మాత్రమే. ఆ మసి ఎందుకు పేరుకుంది, ఎందుకు కాలలేదు అన్నది తేల్చకుండా కొత్త డీపీఎఫ్ వేస్తే అది కూడా కొన్ని నెలల్లో ఇదే దారి పడుతుంది.

ఇది పనిచేసే పద్ధతి ఇంతే. మసి ఒక స్థాయికి చేరగానే ఈసీఎం పవర్ స్ట్రోక్ అయ్యాక కాస్త డీజిల్ అదనంగా కొట్టి, డీపీఎఫ్ లోపల వేడిని దాదాపు 600 డిగ్రీలకు తీసుకెళ్లి మసిని కాల్చేస్తుంది. దాన్నే రీజెన్ అంటున్నాం. అది మొదలవ్వాలంటే ఇంజను పూర్తిగా వేడెక్కాలి, ట్యాంకులో డీజిల్ రిజర్వు పైన ఉండాలి, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే వాల్వు), సెన్సర్ల కోడ్‌లేవీ ఉండకూడదు, బండి ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలు పరుగెత్తాలి. ఏడేసి కిలోమీటర్ల ట్రాఫిక్ ప్రయాణంలో మొదలైన రీజెన్ మధ్యలోనే ఆగిపోతుంది. పైగా అలా కొట్టిన డీజిల్లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. కాబట్టి మీరు ముందు చేయాల్సింది డిప్‌స్టిక్ తీసి చూడటం. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి, డీజిల్ వాసన వేస్తుంటే ఇక ఆ బండిని గట్టిగా తోలకండి.

షెడ్డులో చూడాల్సిన వరుస ఇదీ. దీనికి కంపెనీ టూలే అక్కర్లేదు. లైవ్ డేటా చూపించే, ఫోర్స్ రీజెన్ కొట్టగలిగే మల్టీబ్రాండ్ స్కానర్ చాలు.

రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే కీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సర్లు, కూలెంట్, ఇన్‌టేక్ గాలి రీడింగులు చూడండి. అన్నీ బయటి వేడికి కొన్ని డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి 30 చూపిస్తుండగా ఇంకొకటి 150 చూపిస్తే దొంగ దొరికినట్టే, ఆ సెన్సర్ వల్లే రీజెన్ ఆగుతోంది.

అదే స్థితిలో డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్ (డీపీఎఫ్ ముందు, వెనక ప్రెషర్ తేడా కొలిచేది) సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే సెన్సర్ పోయింది. స్టార్ట్ చేశాక ఐడిల్‌లో బాగున్న డీపీఎఫ్‌కు సుమారు 5 నుంచి 10 మిల్లీబార్లు ఉంటుంది, రేజ్ చేస్తే అందుకు తగ్గట్టు పెరుగుతుంది. (మోడల్‌ను బట్టి మారుతుంది, ఆ ఇంజను స్పెసిఫికేషన్‌తో పోల్చండి.) 2,500 ఆర్పీఎం దగ్గర వంద మిల్లీబార్లు దాటుతోందంటే నిజంగానే మూసుకుపోయింది. ఐడిల్‌లో తక్కువే చూపిస్తూ కోడ్ మాత్రం వస్తుంటే ఆ సెన్సర్‌కు వెళ్లే రెండు సన్నటి గొట్టాలు విప్పి చూడండి. పగిలి ఉంటాయి, మసితో మూసుకుపోయి ఉంటాయి, లేదా ఎవరో విప్పి తిరగేసి బిగించి ఉంటారు.

కూలెంట్ హైవే మీద కూడా 65, 70 దగ్గరే తచ్చాడుతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది. మీటరులో ఇది తెలియదు, ముల్లు మధ్యలోనే ఉంటుంది. స్కానర్‌లోనే కనిపిస్తుంది. చవకైన ఈ ముక్క వల్ల డీపీఎఫ్‌లు మార్పించుకుంటున్న బండ్లకు లెక్కలేదు.

ఆ తర్వాత ఈజీఆర్: అడిగిన శాతం, నిజంగా తెరుచుకున్న శాతం పక్కపక్కన పెట్టి చూడాలి. మూడో గేరులో ఫుల్ యాక్సిలరేటర్ మీద బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ప్రెషర్) కూడా అలాగే పోల్చాలి. బూస్ట్ తక్కువుంటే ఇంటర్‌కూలర్ హోసుల దగ్గర తడి ఆయిల్ మరక వెతకండి, చీలిక అక్కడే ఉంటుంది. గాలి తగ్గితే మసి పెరుగుతుంది, అంతే సంగతి.

ఇవన్నీ బాగున్నాయని తేలాకే ఫోర్స్ రీజెన్. బండి ఆరుబయట నిలపాలి, కింద ఎండు గడ్డి, చెత్త ఉండకూడదు, సైలెన్సర్ దగ్గరికి ఎవరినీ రానివ్వకూడదు, బానెట్ తెరిచి పెట్టాలి. సుమారు అరగంట పడుతుంది. ఆయిల్ లెవెల్ ఎక్కువుంటే ముందే మార్చి మొదలుపెట్టాలి. లేకున్నా అయ్యాక ఆయిల్, ఫిల్టరు మార్చేయాలి. మసి మరీ ఎక్కువుంటే స్కానర్ అడిగినా ఈసీఎం ఒప్పుకోదు. దాన్ని మోసం చేసి కొట్టించే పని చేయొద్దు. అంత మసి ఒక్కసారిగా అంటుకుంటే లోపలి సిరామిక్ కరిగి పగులుతుంది, అప్పుడు షోరూము ఎస్టిమేటే నిజమవుతుంది.

ఆటోనగర్_వైరింగ్

పైన చెప్పింది సరైన వరుస. నేను కరెంటు వైపు కలుపుతాను, ఎందుకంటే కొత్త బండి అనగానే షెడ్లు భయపడేది ఇక్కడే. ఆ భయంలో సగం పాత అలవాట్ల వల్ల వచ్చింది.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్ టెస్ట్ చేయడం ఇప్పటికీ మానలేదు కొందరు. ఆ క్షణంలో లైనులో వోల్టేజీ ఎగసి ఈసీఎంకు తగులుతుంది. ఈసీఎం వైర్ల మీద బల్బు టెస్టర్ పెట్టడమూ అంతే, మల్టీమీటరు తప్ప ఏదీ ముట్టించకూడదు. ఇంకొకటి: కొత్త బండ్లలో స్మార్ట్ ఛార్జింగ్ ఉంటుంది, బ్యాటరీ నిండుగా ఉంటే ఆల్టర్నేటర్ కావాలనే 12.8 వోల్టుల దగ్గర ఆగుతుంది, బ్రేకు వేసినప్పుడు 14.5 పైకి వెళ్తుంది. 12.8 చూసి ఆల్టర్నేటర్ మార్చేవాళ్లున్నారు. హెడ్‌లైట్లు, బ్లోవరు, వెనక డీఫాగర్ అన్నీ వేసి అప్పుడు చూడాలి. వీటిలో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. జంపర్ కేబుల్ నెగెటివ్ దాని మీద కాకుండా బాడీ ఎర్త్‌కు తగిలించాలి.

కమ్యూనికేషన్ కోడ్‌లు, అంటే యూ తో మొదలయ్యేవి, వరసగా పది వస్తే పది మాడ్యూళ్లు పోయినట్టు కాదు. బ్యాటరీ తీసేసి, కాసేపాగి, ఓబీడీ సాకెట్లో (స్కానర్ తగిలించేచోట) 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. 60 రావాలి. లైనుకు రెండు చివరలా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిస్తే 60. అక్కడ 120 వస్తే ఒకవైపు తెగింది. సున్నా దగ్గరకు వస్తే రెండు వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. గేట్‌వే మాడ్యూల్ (సాకెట్‌కూ లోపలి లైన్లకూ మధ్య కాపలా ఉండేది) ఉన్న బండ్లలో మాత్రం ఈ కొలత సాకెట్ నుంచి గేట్‌వే వరకే చెబుతుంది, లోపలి లైన్లు విడిగా చూసుకోవాలి.

మనవైపు ఈ కోడ్‌లకు మొదటి కారణం సాఫ్ట్‌వేర్ కాదు, ఎలుకలు. వానాకాలం బానెట్ కింద చేరి కొరికేస్తాయి. మాడ్యూళ్ల మధ్య సమాచారం మోసే ఆ క్యాన్ వైర్లు జంటగా మెలితిప్పి ఉంటాయి. అతుకు వేసేటప్పుడు రెండు జాయింట్లూ ఒకేచోట రాకుండా వేసి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ తొడిగి, ఆ మెలిక మళ్లీ తిప్పాలి. ఊరికే మెలేసి టేపు చుడితే ఆరు నెలలకు తేమ పట్టి, వానొచ్చినప్పుడే వచ్చే ఫాల్ట్ తయారవుతుంది. దాన్ని పట్టుకోవడం మొదటి ఫాల్ట్ కన్నా కష్టం.

ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న బండ్లకు వెనక ప్యాడ్లు మార్చేముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టి పిస్టన్ వెనక్కి రప్పించాలి. సీ-క్లాంప్ పెట్టి నొక్కితే లోపలి మోటారు గేర్లు పోతాయి.

టార్గెట్‌బోర్డు

ఇద్దరూ చెప్పిన పనులు బయట అవుతాయి, కాదనను. కానీ అన్నీ అవుతాయని చందానగర్ గారు అనుకోకూడదు. అడ్డం వచ్చేది స్పానర్ పని కాదు, తాళం. ఫియట్-క్రైస్లర్ బండ్లలో 2018 నుంచి సెక్యూరిటీ గేట్‌వే పెట్టారు. మామూలు స్కానర్ కోడ్‌లు చదువుతుంది గానీ, చెరపడానికి, యాక్చువేటర్ ఆడించడానికి కంపెనీ ఒప్పుకున్న లాగిన్ కావాలి. ఈ పద్ధతి మిగతా కంపెనీలకూ పాకింది. కొత్త కీ నేర్పించడం, వాడిన ఈసీఎం ఇంకో బండికి వేయడం, గేరు బాక్సు కంట్రోలర్‌కు సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, ఇవి ఆన్‌లైన్ అనుమతి లేకుండా చాలా బండ్లలో కావు.

అడాస్ (డ్రైవరుకు సాయపడే కెమెరా, రాడార్ వ్యవస్థ) ఇంకో కథ. ముందు అద్దం మార్చారంటే కెమెరా క్యాలిబ్రేషన్ చేయాల్సిందే. కొన్నిటికి చదునైన నేల మీద, కొలిచిన దూరంలో టార్గెట్ బోర్డు నిలబెట్టి చేయాలి. కొన్నిటికి గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద స్కానర్ పెట్టి నడపాలి. టైర్ల గాలి సరిగ్గా ఉండాలి, వీల్ అలైన్‌మెంట్ ముందే అయి ఉండాలి, స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సున్నా చేసి ఉండాలి. రాడార్ ఉన్న బంపరుకు మందంగా లప్పం పెట్టి పెయింటు కొట్టినా రీడింగ్ తప్పుతుంది. పది అడుగుల షెడ్డులో, వాలు నేల మీద ఈ పని చేయలేరు. చేశామని చెబితే నమ్మొద్దు, అది బ్రేకుతో ఆట.

చందానగర్_డీజిల్

మూడు రిప్లైలకూ చాలా థ్యాంక్స్. డిప్‌స్టిక్ చూశాను, మ్యాక్స్ గీత మీద కొంచెం పైకే ఉంది. రెండు సందేహాలు. డీపీఎఫ్ తీసేయించుకుంటే ఏమవుతుంది? ఇంజెక్టర్ల మీద కూడా అనుమానం ఉందంటున్నారు, అది బయట చూడొచ్చా?

పంపురూం_గాజువాక

కోయించుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను అలా మార్చకూడదు. అది పక్కన పెట్టినా, దొంగ ఫైలు ఎక్కించిన ఈసీఎంలో రేపు ఇంకో ఫాల్ట్ వస్తే ఏ రీడింగ్‌నూ నమ్మలేం. షోరూములో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారంటే అసలు ఫైలు తిరిగొచ్చి బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించి నడిచే స్థితి) పోతుంది.

ఇంజెక్టర్లు బయటే చూడొచ్చు, డీజిల్ పంపు షెడ్లు ఉన్నదే అందుకు. బండి మీదే చేసే మొదటి పరీక్ష రిటర్న్ టెస్ట్. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు నాలుగు కొలత సీసాలు తగిలించి ఒకే సమయం నడపాలి. ఒకదాంట్లో మిగతావాటికి రెట్టింపు వస్తే అది లీకు. పీజో ఇంజెక్టర్లయితే రిటర్న్ లైనులో ప్రెషర్ ఉండాలి కాబట్టి ఇలా విప్పకూడదు, ముందు రకం చూసుకోండి. రైలు లైను (ఇంజెక్టర్లకు హై ప్రెషర్ డీజిల్ పంపే గొట్టం) నట్టు మాత్రం ఇంజను నడుస్తుండగా వదులు చేయనివ్వొద్దు. పాత పంపులకు గాలి తీసినట్టు కాదు ఇది, 1,600 బార్ పైన ఉంటుంది, చర్మంలోకి దూసుకుపోతుంది.

ఇంజెక్టర్ మారిస్తే పైన చెక్కిన అక్షరాలు, అంకెల కోడ్ ఈసీఎంలో ఎక్కించాలి. పాతవే కడిగించి వేసినా ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టి తీయాలి. ఒకటి ఇటు, ఒకటి అటు మారితే ఐడిల్ గరగర, పొగ, మళ్లీ మసి. కింద రాగి వాషర్లు కొత్తవి వేయాలి.

రీజెన్ అయ్యాక కూడా ప్రెషర్ దిగకపోతే మిగిలింది బూడిద. మసి కాలుతుంది, బూడిద కాలదు. అప్పుడు డీపీఎఫ్ దించి, దానికి తగిన మెషిన్‌లో శుభ్రం చేయించాలి. యాసిడ్ పోయడం, ప్రెషర్ వాషర్‌తో నేరుగా కొట్టడం లోపలి పూతను పాడుచేస్తాయి. తిరిగి బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవి. శుభ్రం చేసినా, మార్చినా స్కానర్‌లో బూడిద, మసి లెక్కను సున్నా చేయాలి. ఇది మర్చిపోతే మంచి డీపీఎఫ్ మీదే మళ్లీ పీ2463 వస్తుంది.

టార్గెట్‌బోర్డు

జవాబుల్లో వారంటీ మాట ఎవరూ ఎత్తలేదు, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నా. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల జరిమానా వేసింది. విడి భాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయట గ్యారేజీలకు అందనివ్వట్లేదన్నది ఆరోపణ. బయట పని చేయించుకుంటే వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టొద్దని, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే రద్దు చేయొచ్చని ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు, కోర్టులకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్లో ఆటోమొబైల్స్ కూడా ఉన్నాయి గానీ, అందులో దొరికేది ఎక్కువగా మాన్యువళ్లు, వారంటీ వివరాలు. సెక్యూరిటీ గేట్‌వే లాగిన్ అక్కడ దొరకదు.

ఆటోనగర్_వైరింగ్

చందానగర్ గారూ, షెడ్డు ఎంచుకునేటప్పుడు స్కానర్ బ్రాండు అడగకండి. "మీ స్కానర్‌లో నా మోడల్‌కు డీపీఎఫ్ ప్రెషర్ లైవ్‌లో చూపించండి" అనండి. చూపించి, కీ ఆన్‌లో సున్నా ఉందా లేదా తనంతట తానే చెప్పినవాడికి బండి ఇవ్వొచ్చు. కోడ్ చూడగానే పార్టు పేరు చెప్పేవాడైతే షెడ్డయినా షోరూమైనా ఒకటే.

ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా మీద ఏసీఈఏ (యూరోప్ ఆయిల్ ప్రమాణం) సీ2 లేదా సీ3, మీ మాన్యువల్లో ఏది రాసి ఉంటే అదే ఉందో లేదో చూసుకోండి. 5డబ్ల్యూ30 అన్న గ్రేడు ఒక్కటే సరిపోదు. అదే గ్రేడులో బూడిద ఎక్కువ మిగిల్చే ఆయిళ్లు కూడా అమ్ముతారు. పాత ఆయిల్ డీజిల్ కలిసి పెరిగింది కదా, కాబట్టి కారిన లీటర్లను బట్టి కొత్తది పోయనివ్వకండి. మాన్యువల్లో ఉన్నంతే పోసి, అయిదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడమనండి.