దిగడం సులువే, ఎక్కిరావడమే కష్టం: గ్లాడియేటర్ యువరాజు చదివిన పద్యం

గ్లాడియేటర్ రెండో భాగంలో (2024) లూసియస్ చక్రవర్తుల ముందు చదివిన నాలుగు పాదాలు ఎక్కడివి, తెలుగులో ఎలా చెప్పవచ్చు అని మన సమూహంలో ఒకరు అడిగారు. ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ఊరుకోవడానికి మనసు ఒప్పలేదు. ఆ కథకు అంతకంటే తగిన పద్యం దొరకదని నా నమ్మకం.

పద్యం వర్జిల్‌ది. ఆయన లాటిన్ మహాకావ్యం ఈనియిడ్‌లో ఆరవ సర్గ, 126వ పాదం నుంచి మొదలవుతుంది. సినిమాలో వినిపించేది జాన్ డ్రైడెన్ 1697లో వెలువరించిన ఆంగ్లానువాదం. మూలం ఇలా ఉంటుంది:

ఫకిలిస్ దేస్కేన్సుస్ అవెర్నో;
నోక్తేస్ అత్క్వె దియేస్ పతెత్ ఆత్రీ యానువ దీతిస్;
సెద్ రెవొకారె గ్రదుమ్ సుపెరాస్క్వె ఏవాదెరె అద్ ఔరాస్,
హోక్ ఒపుస్, హిక్ లబొర్ ఎస్ట్.

అవెర్నస్‌కు దిగడం సులువు. చీకటి దొర దీస్ వాకిలి రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. వేసిన అడుగు వెనక్కి తీసుకుని పైగాలుల్లోకి బయటపడటం, అదే పని, అదే శ్రమ. అవెర్నస్ నిజంగా ఉన్న చోటే. నేపుల్స్‌కు పడమర, క్యూమే దగ్గర ఒక పాత అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన సరస్సు. మృతలోకానికి దారి అక్కడే ఉందని ప్రాచీనులు నమ్మేవారు.

ఈ మాటలు చెప్పేది సిబిల్ అనే పూజారిణి. వింటున్నవాడు ఏనియాస్. ట్రాయ్ రాజవంశీకుడు, నగరం కాలిపోయాక దేశం విడిచి సముద్రాల మీద తిరిగినవాడు. వర్జిల్ తన కావ్యం మొదట్లోనే అతణ్ని ‘ఫాతో ప్రొఫుగుస్’ అంటాడు, విధి తరిమిన ప్రవాసి అని. చనిపోయిన తండ్రిని చూడాలి, పాతాళానికి దారి చూపించు అని అతను ప్రాధేయపడితే సిబిల్ ఇచ్చిన జవాబు ఇది.

ఇప్పుడు లూసియస్ సంగతి చూడండి. రోమ్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ మనవడు, లూసిల్లా కొడుకు. ప్రాణం దక్కాలని చిన్నప్పుడే తల్లి దూరంగా పంపేసింది. ఉత్తర ఆఫ్రికాలోని నుమీడియాలో హానో అన్న పేరుతో పెరిగి, యుద్ధంలో ఓడి, బందీగా సొంత ఊరు రోమ్‌కే వచ్చాడు. అతని తండ్రి, మొదటి భాగం కథానాయకుడు మాక్సిమస్ కవచం ఉన్నది కొలోసియం అడుగున. ఏనియాస్ లాగే ఇతనూ తండ్రిని కలుసుకోవాలంటే నేల కిందికి వెళ్లాలి. గ్లాడియేటర్లు ఆ అడుగు నుంచే వెలుతురులోకి వచ్చేవారు, కొందరు తిరిగి వెళ్లేది శవాలుగానే. ‘పైగాలుల్లోకి బయటపడటం’ అన్న మాట వాళ్ల విషయంలో అక్షరాలా నిజం.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది లూసియస్ చదవని భాగం. మూలంలో ‘ఫకిలిస్’కు ముందు ఒక సంబోధన ఉంది: ‘సతే సాంగ్వినె దీవుమ్, ట్రోస్ ఆంఖీసియదే’. దేవతల రక్తాన పుట్టినవాడా, ట్రాయ్ వాడా, ఆంఖీసీస్ కుమారా అని. మన కౌంతేయుడు, దాశరథి వంటి పేరే ఆంఖీసియదే. వంశం, ఊరు, తండ్రి, ఈ మూడూ చెప్పాకే సిబిల్ అసలు మాట ఎత్తుకుంటుంది. లూసియస్ సరిగ్గా ఆ మూడింటినీ దాచుకుని బతుకుతున్నవాడు. అందుకే అతని నోట పద్యం ఆ పిలుపు లేకుండా మొదలవడం నాకు ఎంతో ఉచితంగా తోచింది. రచయిత అంత దూరం ఆలోచించి రాశారో లేదో గాని, వర్జిల్ తెలిసినవారి చెవికి ఆ లోటు వినిపిస్తుంది.

అంత దాచినా అతని మీద అనుమానం రేపేది ఆ పద్యమే. రోమన్ బడిపిల్లలు వర్జిల్‌ను కంఠస్థం చేసేవారు, పాంపేయి గోడల మీద సైతం ఆయన పాదాలు గీకి ఉన్నాయి. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన ‘అనాగరికుడు’ అది ఒప్పజెప్పాడంటే చదువు ఎక్కడిదన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. చరిత్రకు వస్తే, లూసిల్లా కొడుకు లూసియస్ పసితనంలోనే పోయాడు. ఆమె కూడా 182లో తమ్ముడు కొమ్మోడస్ మీద కుట్ర చేసి, కాప్రీ దీవికి ప్రవాసం వెళ్లి, అక్కడే హతమైంది. సినిమాలోని చక్రవర్తులు కారకల్లా, గెటా కలిసి సింహాసనం ఎక్కింది 211లో. కాబట్టి కథ కల్పితం, వర్జిల్ చదువు మాత్రం నిజం.

చాలామంది ఈ పాదాలను ‘చెడిపోవడం తేలిక’ అనే నీతివాక్యంగా వాడతారు. అది నాకు సమ్మతం కాదు. సిబిల్ పాపం గురించి మాట్లాడటం లేదు. చావు అందరికీ తెరిచిన తలుపే, వెళ్లి తిరిగి వచ్చినవాడే ఘనుడు అంటోంది. మాటల బరువంతా ‘తిరిగి రావడం’ మీదే ఉంది. డ్రైడెన్ నరకం అన్న అర్థం వచ్చే మాట వాడి, తలుపుల సంగతి ముందుకు తెచ్చి చెప్పడంతో ఆ నీతి వాసన కొంత అంటుకుందనిపిస్తుంది.

అందుకే తెలుగులోనూ ‘నరకం’ వద్దంటాను, శిక్షలు గుర్తొస్తాయి. ‘యమలోకం’ బాగుండేది గాని, యముడిది దక్షిణ దిక్కు, అక్కడికి ‘దిగడం’ అతకదు. పాతాళమే మేలు. ఇక నడక: ‘హోక్ ఒపుస్, హిక్ లబొర్ ఎస్ట్’ను మన గణాల్లో చూస్తే భ, భ, ఆపైన ఒక గురువు. రెండు సుత్తిదెబ్బలు కొట్టి ఆగినట్టుంటుంది. ఆ విరుపు పోకుండా తేటగీతిలో ప్రయత్నించాను, పాదాల మధ్య మాత్రం సంధి చేయలేదు:

దిగుట సులభమే పాతాళ దేశమునకు;
పగలు రాత్రియు మూయని వాకిలదియె;
అడుగు వెనుకకు మరలించి యవని గాలి
పీల్చుటన్నదె పని, యదె పెద్ద పాటు.

‘లబొర్’కు శ్రమ, కష్టం కన్నా ‘పాటు’ దగ్గరగా ఉందనుకుంటున్నాను. పాటుపడటంలోని ఒళ్లు వంచే పని అందులో ఉంది. అయితే సిబిల్ పిలుపు నా పద్యంలో పట్టలేదు. ఆ పిలుపుతో సహా సీసంలో చెప్పగలవారు ఇక్కడ ఉన్నారని తెలుసు, ‘ఆంఖీసియదే’ను తెలుగు తద్ధితంతో ఎలా పట్టుకుంటారో రాయండి.