టెన్నిస్: కాలేజీ కోచ్‌లకు పంపిన మెయిల్‌కి జవాబు రాకపోతే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి టెక్సస్‌లో పదో తరగతి, టెన్నిస్ ఆడుతుంది, యూటీఆర్ (టెన్నిస్ ఆటగాళ్ల స్థాయిని చూపే రేటింగ్) 8 దగ్గర ఉంది. కాలేజీ జట్టులో చోటు కోసం కోచ్‌లకు తనే మెయిళ్లు రాస్తోంది.

సబ్జెక్ట్ లైన్లో పేరు, హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం, యూటీఆర్, జీపీఏ. లోపల ఆరేడు వాక్యాలు, రాబోయే టోర్నమెంట్ల తేదీలు, వీడియో లింకు. వీడియోలో గెలిచిన షాట్ల ముక్కలే కాకుండా పూర్తి పాయింట్లు పెట్టాం. కెమెరా బేస్‌లైన్ వెనక, కోర్టంతా కనబడేంత ఎత్తులో ఉంది.

డివిజన్ 1 (అమెరికా కాలేజీ క్రీడల్లో పై అంచె) కోచ్‌లు పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా రిక్రూటింగ్ గురించి జవాబివ్వకూడదని తెలుసు. అంతవరకు వచ్చేవి క్యాంపు బ్రోషర్లు, ప్రశ్నావళులే. కాబట్టి ఆ మౌనం తిరస్కారం కాదు. డివిజన్ 3 కోచ్‌లకు మాత్రం ఈ అడ్డు లేదు, అయినా వాళ్లూ పలకడం లేదు. అసలు చిక్కు ఇదే.

తెలిసినవాళ్లు చెప్పండి: రెండో మెయిల్ ఎన్ని వారాలకు పంపాలి? కొత్త ఫలితమేదీ లేకుండా ఊరికే గుర్తుచేస్తే చులకన అవుతామా? హెడ్ కోచ్‌కా, అసిస్టెంట్ కోచ్‌కా, ఇద్దరికీ కలిపా? జూన్ 15 రోజు కోచ్‌ల ఇన్‌బాక్సులు నిండిపోతాయి కదా, ఫోన్ చేయడం మేలా? డివిజన్ 3లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఉండదు గనక మెరిట్ ఎయిడ్ (చదువులో ప్రతిభను బట్టి కాలేజీ ఇచ్చే సాయం) మాట ఎప్పుడు ఎత్తాలి, కోచ్‌తోనా, అడ్మిషన్ ఆఫీసుతోనా?

డబ్బు కట్టించుకునే రిక్రూటింగ్ సర్వీసులు సూచించకండి, దయచేసి. వాళ్ల మూకుమ్మడి మెయిళ్లను కోచ్‌లు ఇట్టే పసిగడతారు.