గర్భిణికి ఇమ్యూనిటీ తగ్గుతుందా, మారుతుందా?

కొత్త_సభ్యురాలు: బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి. అయినా తల్లి శరీరం తిప్పికొట్టదు. ఇమ్యూనిటీ తగ్గడం వల్లేనా?

సూక్ష్మజీవి: తగ్గుతుందనే నా వాదన. హెపటైటిస్-ఈ మామూలుగా తనంతట తగ్గిపోయే కామెర్లు. అదే చివరి మూడు నెలల గర్భిణికి వస్తే 20-25 శాతం దాకా మరణాలు నమోదయ్యాయి. 2009 స్వైన్‌ఫ్లూ కూడా గర్భిణుల్లో ఎక్కువగా ముదిరింది.

మావి_కణం: ఫ్లూని ఇమ్యూనిటీ ఖాతాలో వేసేయకండి. నెలలు నిండేకొద్దీ డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింది కండరపు పొర) దాదాపు 4 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి సుమారు 20 శాతం తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరమేమో పెరుగుతుంది. న్యుమోనియా వస్తే తట్టుకునే వెసులుబాటు ఎక్కడిది?

తల్లి ఇమ్యూనిటీ మందగిస్తుందేమోనన్నది 1953లో ఇమ్యూనిటీ శాస్త్రవేత్త పీటర్ మెడావర్ చెప్పిన ఊహల్లో ఒకటి. తర్వాత తేలింది వేరు. తొలి నెలల్లో గర్భాశయ పొరలోని తెల్లకణాల్లో దాదాపు 70 శాతం, వ్యాధి సోకిన కణాల్ని చంపే నేచురల్ కిల్లర్, అంటే ఎన్‌కే కణాలే. ఆ పొరలోకి చొచ్చుకొచ్చే మావి (ప్లాసెంటా) కణాలు హెచ్ఎల్ఏ-ఏ, బీ గుర్తులు (సొంత కణమా, పరాయి కణమా అని ఇమ్యూనిటీకి తెలిపేవి) బయటపెట్టవు. జీ, సీ, ఈ లాంటివి చూపిస్తాయి. వాటితో కలిసి ఎన్‌కే కణాలు గర్భాశయ ధమనుల గోడల్ని వదులు చేసి, మావికి రక్తం ధారాళంగా అందేలా చూస్తాయి. ఈ పని సరిగ్గా సాగకపోతే బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా రావచ్చు, బిడ్డ ఎదుగుదల కుంటుపడొచ్చు. అంటే ఈ కణాలు చురుగ్గా ఉండటమే గర్భానికి కావాలి.

సూక్ష్మజీవి: ఊపిరితిత్తుల మాట ఒప్పుకుంటాను. హెపటైటిస్-ఈకి మాత్రం అది జవాబు కాదండి. కీళ్లవాతం చాలామందికి గర్భంలో నెమ్మదించి, కాన్పయ్యాక తిరగబెడుతుంది. టీ కణాల (దాడి చేసే ఒక రకం తెల్లకణాల) దూకుడు తగ్గినట్టే కదా?

మావి_కణం: ఆ మేరకు నిజమే, ఆ దూకుడుకు కళ్లెం వేసే రెగ్యులేటరీ టీ కణాలు పెరుగుతాయి. కానీ ఇమ్యూనిటీ సొంత శరీరం మీదే దాడి చేసే లూపస్ జబ్బు అదే గర్భంలో కొందరికి విజృంభిస్తుంది. మావిలో చేరే ఫాల్సిపారం మలేరియా తొలిచూలులో ఎక్కువ. దాని మీద యాంటీబాడీలు తయారయ్యి, తర్వాతి కాన్పుల్లో తగ్గుతుంది. అణగారిన ఇమ్యూనిటీకి ఆ నేర్పు ఉండదు.

ల్యాబ్_రిపోర్టు: "ఇమ్యూనిటీ లేదు" అన్న మాట వల్ల టీకాలు మానేస్తున్నారు, అది ప్రమాదం. తల్లి తయారుచేసే ఐజీజీ రకం యాంటీబాడీలు మావి దాటి బిడ్డకు చేరుతుంది, ఎక్కువ భాగం చివరి నెలలోనే. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) మొదటి డోసు గర్భం తెలియగానే, రెండోది 4 వారాలకు. గత 3 ఏళ్లలోపు గర్భంలో రెండు డోసులూ పడి ఉంటే ఒక్క బూస్టర్ చాలు. కోరింత దగ్గుకు టీడాప్ 27-36 వారాల మధ్య. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ లాంటి లైవ్ (బలహీనపరచిన బతికున్న వైరస్) టీకాలు గర్భంలో వద్దు.

రక్తపరీక్ష రిపోర్టులో తెల్లకణాలు 15,000 దాకా ఉన్నా మామూలే కావచ్చు, నొప్పుల్లో 25,000 కూడా చూస్తాం. శరీరంలో వాపును సూచించే ఈఎస్ఆర్ ఎలాగూ పెరుగుతుంది. జ్వరం, మూత్రంలో మంట లాంటివేవీ లేకుండా కౌంట్ ఒక్కటే చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు.

సూక్ష్మజీవి: టీకాల విషయంలో మీతో పేచీ లేదు. హెపటైటిస్-ఈ మీద నా మాట నాదే. అది కలుషిత నీటితో వస్తుంది, కాబట్టి గర్భిణికి కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి. కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం తిరిగి రోజులు పోగొట్టొద్దు. లివర్ పరీక్షలతో పాటు రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే పీటీ-ఐఎన్ఆర్ చేయించండి. ఐఎన్ఆర్ పెరిగినా, మనిషి మగతగా ఉన్నా, మాట తడబడినా, ఆ రోజే ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.