'మలుపు లొకటి తక్కు'... తక్కా, తక్కా కాదా?

నెల్లూరు నుంచి: ఇంటర్‌లో మా లెక్కల సారు బహుపదుల గ్రాఫు గీస్తూ ఒక ఆటవెలది చదివేవారు. ఒక్క పాదమే గుర్తుంది: "మలుపు లొకటి తక్కు మరచిపోకు". నిన్న మా అమ్మాయికి ఎక్స్ ఘనం మైనస్ మూడు ఎక్స్ గీసి చూపిస్తుంటే నోటికొచ్చింది. పై పాదాలు ఎవరికైనా తెలుసా? అది 'తక్కు'నా, 'తక్క'నా?

కావలి: 'తక్క' అయ్యుండాలి అన్నా. 'నీవు తక్క' అన్నట్టు, ఒకటి తప్ప అని. 'తక్కువ'లో 'వ' ఎగరగొట్టి పద్యం కట్టే మనిషిలా లేరు మీ సారు.

ఒంగోలు: 'మలుపు లొకటి తక్క' అంటే మలుపుల్లో ఒకటి తప్ప అని అర్థం వస్తుంది. మలుపులెన్నో చెప్పాలంటే ఒకటి తీసెయ్యాల్సింది ఘాతంలోంచి, అంటే ఎక్స్ నెత్తిమీది పెద్ద అంకెలోంచి కదా! పై పాదం "ఘాతసంఖ్య కంటె" అని మొదలై ఉంటుంది. ఆటవెలది పాదం మొదట రావాల్సిన మూడు సూర్యగణాలూ సరిపోయాయి, చూడండి. దాని కింద 'తక్కు'నే నిలబడుతుంది.

కందుకూరు: గణాలు సరే, లెక్క తప్పుతోంది మాస్టారూ. మలుపంటే గీత ఎక్కడం మాని దిగే చోటు, లేదా దిగడం మాని ఎక్కే చోటు. ఉత్త ఎక్స్ ఘనానికి ఒక్క మలుపూ లేదు. సున్నా దగ్గర వాలు సున్నా అవుతుంది కానీ గీత ఎక్కుతూనే పోతుంది. మూడో ఘాతానికి మలుపులు రెండు, లేదంటే అసలుండవు. నాలుగో ఘాతానికి మూడో, ఒకటో. ఒకటి తక్కువ అనేది పైహద్దు మాత్రమే. చివర "మించ వెపుడు" అని ఉండి ఉంటుంది.

ఒంగోలు: పాదం మొదటి అక్షరం 'మ'కి నాలుగో గణం మొదటి అక్షరం 'మిం'తో యతి ఎలా కుదురుతుంది? హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. "మరచిపోకు" అన్నదే సరైన పాఠం.

నెల్లూరు నుంచి: మా అమ్మాయి లెక్కకు రెండు మలుపులూ వచ్చాయి. మైనస్ 1 దగ్గర విలువ 2, 1 దగ్గర మైనస్ 2. మూలాలు 0, రూట్ 3, మైనస్ రూట్ 3.

కావలి: బహుపది విలువ సున్నా అయ్యే చోట్లను శూన్యాలు అనాలి, మూలాలు సమీకరణానికి. ఆ మాట మీద నాకు పట్టుదల ఎక్కువ. అదే బహుపదికి 2 కలపండి, 1 దగ్గర శూన్యమూ మలుపూ ఒకేచోట పడతాయి. గీత అక్షాన్ని తాకి వెనక్కి తిరుగుతుంది. 'మూలం' అంటే ఆ తాకడం కంటికి కనబడదు.

ఇంకొల్లు: మా పక్కన పావులూరు ఉంది. ఆ పేరు వింటే పావులూరి మల్లనే గుర్తొస్తాడు. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లో పెట్టినవాడు. భిన్నాలూ క్షేత్రాలూ ఆటవెలదిలో, కందంలో ఒదిగిపోతాయని చూపించాడు. ఈ పాదంలోనూ ఆ పోకడ ఉంది.

కందుకూరు: పోకడ ఉండొచ్చు, పద్యం ఆయనది కాదు. సమీకరణాన్ని గీతగా చూడటం ఫ్రెంచి గణితవేత్త దెకార్త్ తర్వాతి సంగతి, 1637. పైగా మల్లన 'మఱచి' అని శకటరేఫంతో, అంటే బండి 'ఱ'తో రాసేవాడు.

నెల్లూరు నుంచి: సారు పలుకుబడిలో ఏ 'ర'యో ఇప్పుడెలా చెప్పను! "ఘాతసంఖ్య కంటె" తర్వాత 'గరిష్ఠ' అని పెట్టి చూశాను. యతి కుదిరింది, పైహద్దు సంగతీ తీరింది. కానీ లఘువు వెంటనే గురువు, ఆ చోట రావాల్సిన ఇంద్రగణం కావడం లేదు. 'గ'తో మొదలయ్యే మాట ఇంకేదైనా తోస్తుందా?